ఇరవైకి సున్నా

ఆ రోజుల్లో మా కోనసీమలో పిల్లవాడి చదువును కొలవడానికి మూడు కొలమానాలుండేవి: మెడలో టై ఉందా, ఇంటి ముందుకు వ్యాను వస్తుందా, స్కూలు పేరులో కనీసం రెండు ఇంగ్లీషు ముక్కలున్నాయా. మూడూ నాకున్నాయి. తొమ్మిదో తరగతి రావులపాలెంలో, మూడంతస్తుల మేడలో నడిచే ప్రైవేటు స్కూల్లో చదివాను. లేనిదల్లా ఆడుకోవడానికి నేల. మా ఆటల పీరియడంటే డాబా ఎక్కి, పిట్టగోడ పట్టుకుని, కింద వెళ్ళే అరటిగెలల లారీలను లెక్కపెట్టడం. (ఏ వారం ఎన్ని లారీలో నోటుబుక్కు వెనక పట్టిక కూడా వేశాను.) మా మేనత్త కొడుకు, నా ఈడు బావ, మా ఊరి గవర్నమెంటు హైస్కూల్లో చదువుతూ రోజూ సాయంత్రం కబడ్డీ ఆడి మోకాళ్ళనిండా మట్టితో వచ్చేవాడు. ఆ మట్టిని చూస్తే నాకు కడుపు మండేది.

ఏ స్కూల్లో చదువు బాగుంటుందని నాన్నగారికీ మావయ్యగారికీ భోజనాల దగ్గర యుద్ధం జరగని ఆదివారం లేదు. "మావాడిది ఐఐటీ ఫౌండేషనండీ బావగారూ," అని నాన్నగారు. "ఆయ్, పునాది సరేనండీ, గోడలెప్పుడు లేపుతారు?" అని మావయ్యగారు. ఓ వేసవి సెలవుల్లో మాటా మాటా పెరిగి వ్యవహారం పరీక్ష దాకా వచ్చింది. వాళ్ళిద్దరికీ లెక్కలు చెప్పిన రిటైర్డ్ మేష్టారు మాకు ఇరవై బిట్లు ఇస్తారు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. ఓడినవాడు జూన్‌లో గెలిచినవాడి స్కూల్లో చేరాలి. ఆ షరతు వినగానే నాకు స్వర్గానికి దారి కనిపించింది.

"బావా, నేను ఓడిపోతాను. దానికి ఓ ప్లానుంది," అని కాలువగట్టు మీద రహస్యంగా చెప్పాను.

"ఓడిపోడానికి ప్లానెందుకురా నీకు? మామూలుగా రాసెయ్, అదే ఓడిపోతావు," అన్నాడు. (పైకి అలా అన్నాడు గానీ, మా వ్యాను తలుచుకుంటేనే వాడికి వాంతి వచ్చేది.)

మేష్టారి అరుగు మీద పరీక్ష. నా పద్ధతి చాలా శాస్త్రీయం. ముందు సరైన జవాబు కనుక్కోవాలి, తర్వాత దాన్ని జాగ్రత్తగా వదిలేయాలి, మిగతా మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. పొరపాటున కూడా ఏదీ ఒప్పు కాకూడదని రెండుసార్లు సరిచూసుకున్నాను.

బావకు పదహారు, నాకు సున్నా. నాన్నగారు తలెత్తలేదు. "పోన్లెండి బావగారూ, మా హైస్కూల్లో సీట్లకేం కరువు లేదండీ," అని మావయ్యగారు తీయగా ఓదార్చారు. మేష్టారు మాత్రం నా కాగితాన్ని కళ్ళజోడు కిందనుంచీ పైనుంచీ చూశారు.

"కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా ఓ ఐదు రావాలి కదరా. ఒక్కటీ రాలేదంటే అన్ని జవాబులూ తెలిసే తప్పించేవన్నమాట?"

"ఆయ్," అనేశాను. (మా వైపు అవునండీ అనడం అది; పెద్దవాళ్ళు అడిగితే బుర్రకంటే ముందు నోరు అనేస్తుంది.)

నాన్నగారు లేచి నిలబడ్డారు. "చూసేరా బావగారూ! మావాడికి ఇరవైకి ఇరవై!"

"సున్నాకి ఫస్టు ర్యాంకిస్తే ఎలాగండీ!" అని మావయ్యగారు గోల. బావ మొహం వ్యానెక్కకుండానే పాలిపోయింది.

"కూర్చోండ్రా ఇద్దరూ," అని మేష్టారు తన పాత శిష్యుల్ని కసిరారు. "వాడు ఆడుకుంటూ కూడా నేర్చుకున్నాడు. వీడు నేర్చుకున్నదంతా ఆడుకోడానికి ఖర్చుపెట్టేడు. పోటీ చెల్లదు. ఎవరి బడికి వాళ్ళు పొండి."

ఇంటికొస్తుంటే బండి మీద నాన్నగారు, "అంత కష్టంగా ఉందేంట్రా అక్కడ?" అన్నారు. నా దగ్గర ఏడు కారణాల జాబితా సిద్ధంగా ఉంది. తీరా నోరు విప్పితే, "గ్రౌండు లేదు నాన్నా," అన్నదొక్కటే వచ్చింది. జూన్‌లో మళ్ళీ అదే వ్యాను ఎక్కాను గానీ, స్కూల్లో ఆదివారం పెట్టే స్టడీ అవరు మాత్రం నాన్నగారు మాన్పించారు. ఆదివారాలు బావ జట్టులో కబడ్డీ ఆడాను. అక్కడ నాకొచ్చిన సున్నాలన్నీ నిజాయితీగా వచ్చినవే.

ఇంజనీరునయ్యాక ఓసారి లెక్కగట్టాను: గుడ్డిగా రాస్తే ఇరవైకి సున్నా వచ్చే అవకాశం వెయ్యింటికి మూడు. ఓ ఐదు ఒప్పులు పెట్టి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆ కిటుకు ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కటీ ఒప్పు కాకుండా ఓడిపోవాలనిపించేంత ఆశ ఈమధ్య దేనిమీదా కలగడం లేదు.