నోరు తిప్పిన ఫిరంగి

నేను చెప్పిన సొరచేప కథ అబద్ధం, ఒప్పుకుంటున్నాను. ఇది మాత్రం నా కూతురి మీద ఒట్టేసి చెబుతున్నాను. దాని మీద ఇంతవరకూ దొంగ ఒట్టు వేయలేదు.

మా ఫిషింగ్ హార్బర్ చివర ఒక ఇనప ఫిరంగి ఉండేది. మూడొందల యాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు ఓడ కెప్టెన్‌ది. తన ఓడ దారికి అడ్డు తప్పుకోలేదని మా వాళ్ల పడవల్ని పేల్చాడట వాడు. పోతూ పోతూ ఒడ్డున వదిలేసిన ఆ ఫిరంగిని, మళ్లీ నోరు తెరవకూడదని, తలకిందులుగా ఇసకలో పాతేశారు మావాళ్లు. తాతల నుంచీ పడవలు దానికే కట్టేవాళ్లం.

మొన్నామధ్య వారసత్వ కట్టడాలంటూ ఒక కాంట్రాక్టరు వచ్చాడు. పీకించాడు, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా. నల్లరంగేసి, గద్దె మీద పడుకోబెట్టి, 'సముద్ర వీరుడు' అని బోర్డు పెట్టాడు. నోరు మా జెట్టీ వైపు.

"బాబూ, దీని నోరు వేరే వైపు తిప్పించండి. ఇది బోట్లు పోయే దారి" అన్నాను.

"నోరు కనబడకపోతే ఫొటో ఏం బాగుంటుందండీ?" అన్నాడు.

ఒళ్లు మండింది. చంపినవాడికి బోర్డు. చచ్చినోళ్ల పేర్లు ఎవడికి కావాలి?

మర్నాడు తెల్లవారుజామున మూడున్నర. అల్లుడి బోటుకి ఐసు ఎక్కించి ఒడ్డున నిలబడ్డాను. వాడు తాడు విప్పుతున్నాడు. అప్పుడు వినపడింది...

గర్... గర్...

ఇనుము లోపల ఇనుము దొర్లుతున్నట్టు. గద్దె దగ్గరికెళ్లి చెయ్యి పెట్టాను. మంచుకి తడిసిన ఇనుము... వేడిగా ఉంది. పొయ్యి మీంచి దించిన ఇడ్లీ పాత్రలా. లోపల్నుంచి మసి వాసన.

"బోటు ఆపరా నాయనా" అని అరిచాను.

"తెల్లారకముందే కతలెట్టీసావేటి మావా? ఎల్లి పడుకో" అన్నాడు.

బోటంతా నవ్వు. ఇంజను స్టార్టయింది. నేనల్లిన కథలన్నీ ఆ క్షణాన నా పీకకే చుట్టుకున్నాయి.

చిరిగిన వల ముక్కొకటి నీళ్లలో ముంచి ఫిరంగి నోట్లో కుక్కాను. దోసిళ్లతో తడి ఇసక పోశాను. తర్వాత... నా వీపు అడ్డం పెట్టాను. బోటు ఎదురుగా వచ్చింది. మెల్లగా... చాలా మెల్లగా... వీపు వెనక ఒక్క తోపు. చప్పుడు లేదు. మోకాళ్ల మీద పడ్డాను.

బోటు దాటిపోయింది.

పొద్దున కాంట్రాక్టరు కేకలు. "ఫిరంగిలో చెత్త తగలబెడతావా?" నైలాను వల కరిగి నల్లటి ముద్దయి ఉంది. నిప్పు నేను పెట్టలేదు. ఎవడైనా బీడీ పడేశాడో... తెలీదు.

ఇప్పుడు రోజూ బోటు కదిలే ముందు ఇసక కూరతాను. కాంట్రాక్టరు తీయిస్తాడు. మళ్లీ కూరతాను. నిన్న నేను వెళ్లేసరికి... నోటి నిండా ఇసక.

"నువ్వేనా?" అని అల్లుణ్ణి అడిగాను.

"నాకేటి పని మావా?" అన్నాడు తాడు విప్పుతూ.

వాడి మోచేతుల దాకా తడి ఇసక.

వాడేం విన్నాడో నేను అడగలేదు.