పరాయివాడి డేరా

వగీహ్ దగ్గర ముప్పై ఏళ్ళు కెమెరా పట్టాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది: అంత నోటి దురుసు దర్శకుడు కైరోలో ఇంకొకడు లేడు. పొద్దున్నే అందరినీ కడిగేసేవాడు. మధ్యాహ్నం అందరికీ చిక్కుడు గింజలు కూరిన రొట్టెలు తెప్పించి, తాను మాత్రం నిలబడే తినేవాడు. ఆయన సినిమాలను పత్రికలవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. కైరోలోని మా షుబ్రా పేటలో బస్సు కండక్టర్లకూ దర్జీలకూ మాత్రం వాటిలోని మాటలు నోటికొచ్చు. నాకు ఆ మనిషంటే ప్రాణం.

ఆయన పుట్టింది డేరాలు అద్దెకిచ్చే ఇంట్లో. షుబ్రాలో పెళ్ళయినా చావయినా వీధిలో లేచేది వాళ్ళ డేరాయే. పెద్దవాడు బయూమీ తండ్రి పని అందుకున్నాడు, వగీహ్ సినిమాల్లో పడ్డాడు. తండ్రి పోయినప్పుడు మేము అస్వాన్‌లో షూటింగులో ఉన్నాం. కబురు అందాక కూడా ఈ మహానుభావుడు మిగిలిన సీను ముగించుకునే కదిలాడు. వెళ్ళేసరికి డేరా విప్పేశారు. పరామర్శకు వచ్చిన ఊరందరి చేతులూ, కొడుకులంతా నిలబడాల్సిన డేరా గుమ్మంలో బయూమీ ఒక్కడే నిలబడి అందుకున్నాడు. అప్పటి నుంచి తమ్ముడితో మాటల్లేవు. పండక్కి వగీహ్ ముందు గుమ్మంలోంచి వస్తే, బయూమీ వెనక గుమ్మంలోంచి మసీదుకు వెళ్ళిపోయేవాడు. రాయి కరిగినా మా అన్న కరగడని వగీహ్ నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ణి.

కొన్నేళ్ళకు ఒక సినిమాలో చావు పరామర్శ సీను వచ్చింది. తన ఇంటి ముందే తీస్తానని పట్టుబట్టాడు. అన్నను డేరా అడగడానికి ముఖం చెల్లక గీజా నుంచి తెప్పించాడు. కెమెరాను ఎదురింటి మేడ మీద దాచాం. షేక్ వేషం వేసినవాడు ఖురాన్ చదవడం మొదలుపెట్టగానే, దారినపోయేవాళ్ళు నిజమేననుకుని లోపలికొచ్చి, గుమ్మంలో ఉన్న నటుడి చేయి పట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్ళకిచ్చే చేదు కాఫీ తాగి వెళ్తున్నారు. డేరా కనిపిస్తే ఆగకుండా పోయే మనుషులా మావాళ్ళు! ఖర్చులేని జనం దొరికారని వగీహ్ చంకలు గుద్దుకున్నాడు.

ఇంతలో కాళ్ళకు చెప్పులైనా లేకుండా బయూమీ పరుగెత్తుకొచ్చాడు. తమ్ముడి ఇంటి ముందు డేరా లేచిందని ఎవరో చెప్పారట. వస్తూనే డేరా గుడ్డ గుప్పిట పట్టి చూశాడు.

"ఎవడిదిరా ఇది? నా తమ్ముడు పోతే పరాయివాడి డేరా వేస్తారా? నేను బతికే ఉన్నాను కదరా."

అక్కడే కూలబడి ఏడ్చాడు. అలాంటి షాట్ నాకు జన్మలో దొరకలేదు. ఇల్లు తగలబడుతున్నా కెమెరా ఆపని మనిషి కదా, ఆపకు అంటాడేమోనని పక్కకు చూశాను. వగీహ్ లేడు. మెట్లు దిగి వెళ్ళి, కెమెరాకు అడ్డంగా అన్న ముందు నిలబడి ఉన్నాడు.

బయూమీ లేచి ముందు చెంప పగలగొట్టాడు, తర్వాత కావలించుకున్నాడు. ఆ తర్వాత నటుణ్ణి పక్కకు నెట్టి, తమ్ముణ్ణి గుమ్మంలో తన పక్కన నిలబెట్టుకున్నాడు.

"నాన్న కోసం నించో. ఆ రోజు నించోలేదుగా."

జనం వస్తూనే ఉన్నారు. పోయిందెవరని అడిగినవాళ్ళకు మా నాన్న అని చెబుతూ, చీకటి పడేదాకా అన్నదమ్ములిద్దరూ చేతులు అందుకున్నారు. నేను కెమెరా ఆపేశాను. తీసిన కాస్త ముక్కను కూడా వగీహ్ సినిమాలో పెట్టలేదు. నిర్మాత నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. ఆనాటి నుంచి శుక్రవారం భోజనం అన్న ఇంట్లోనే. సినిమాల్లో డేరా తాళ్ళు కట్టడం ఒక్కడికీ చేతకాదని ప్రతి వారమూ బయూమీ చేత తిట్లు తినేవాడు.

మొన్న చలికాలంలో వగీహ్ నిజంగానే పోయాడు. ఆయనకు పిల్లల్లేరు. ఎనభై దాటిన బయూమీ పెట్టె అడుగున దాచిన మంచి డేరా తీయించి, ప్రతి తాడూ తానే లాగి చూసుకున్నాడు. సాయంత్రం జనం రావడం మొదలయ్యేసరికి గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు. నేను లోపల మూలన కూర్చోబోతుంటే పిలిచాడు.

"ఇట్రా. ఇక్కడ నించో. మళ్ళీ ఒక్కణ్ణే అంటే నావల్ల కాదురా."

వెళ్ళి నిలబడ్డాను.