రెండో నెల రాలేదని

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా, జనవరి నెలలో పెద్దమనిషి అయింది. మిరపతోటలో మొదటి కోత నడుస్తున్న రోజులు. బడి నుంచి వచ్చి, సంచి భుజాన ఉండగానే నా కుట్టుమిషన్ పక్కన నిలబడి, "అమ్మా, ఒకసారి రా" అంది. బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి చూపించింది. ఎర్రగా లేదు. చింతపండు పులుసు మరకలా ఉంది.

"ఇది అదేనా? రక్తం ఇలా ఉండదు కదా. నాకేమన్నా జబ్బేమో."

నాకూ అనుమానమే. అత్తయ్యను పిలిచాను. ఆవిడ ఒక్క చూపు చూసి, "అదే. ఇంకేం చూస్తావు, చాప వెయ్యి" అంది.

తొమ్మిది రోజులు కూర్చోబెట్టాం. చిమ్మిలి దంచి పెట్టాం. పరికిణీ నేనే కుట్టాను. ఆ తొమ్మిది రోజుల్లోనే నాకు తెలిసిందంతా దానికి చెప్పాను. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలి, ఎన్ని గంటలకు మార్చాలి, కాగితంలో ఎలా చుట్టి పడెయ్యాలి. "ఇక నెలనెలా వస్తుంది. ఇరవై ఎనిమిది రోజులకి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ" అన్నాను.

"రాకపోతే?" అని అడిగింది.

"ఎందుకు రాదు? వస్తుంది" అన్నాను.

ఫిబ్రవరిలో రాలేదు. మార్చి సగమయ్యింది, అప్పుడూ రాలేదు. మా ఇంట్లో బయట చేరినవాళ్ళు మిరపకాయలు ఎండబోసిన కల్లంలోకి అడుగుపెట్టకూడదు. అందుకని ఎవరి రోజులు ఎప్పుడో అత్తయ్య లెక్కలో ఉంటాయి. "ఏమే, పిల్ల ఈ నెల కూడా బయట చేరలా?" అని వంటింట్లో మెల్లిగా అడిగింది. ఆ మెల్లిగా అడగటమే నాకు నచ్చలేదు. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినిపిస్తుంది.

రెండో కోతకి నేనూ తోటలోకి వెళ్ళాను. పక్క సాలులో కాయ కోస్తున్న పెద్దావిడ ఆ మాటే ఎత్తింది. అత్తయ్యే చెప్పి ఉంటుంది. "వచ్చి ఆగిపోవటమేంటి? కాస్త కనిపెట్టి చూసుకో అమ్మాయ్. కాలం బాగాలా" అని, తల కూడా ఎత్తకుండా ముందుకు జరిగిపోయింది.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. నా కంటికి ఇంకా జడలు వేయించుకునే పిల్లే. అయినా ఆ రోజు నుంచి కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ట్యూషన్ ఆరింటికి వదిలితే ఎన్నింటికి వస్తోంది? నా ఫోన్ తీసుకుని ఎవరికి మెసేజ్ పెడుతోంది? ఒక పొద్దున ఉప్మా వద్దని ప్లేటు పక్కకు నెడితే, వాంతి వచ్చేట్టుందా అని రెండుసార్లు అడిగాను. "రాకపోతే?" అని ఆ రోజు ముందే ఎందుకడిగింది అని కూడా అనుకున్నాను. ఒకసారి ఆ దారిలో పడ్డాక అన్నీ దానికే సరిపోతున్నట్టు కనబడతాయి.

ఒకరోజు అది బడికి పోయాక ఫిబ్రవరికని కొని బీరువాలో పెట్టిన ప్యాడ్ల ప్యాకెట్ తీసి చూశాను. రెండు తక్కువ ఉన్నాయి. రాకుండా ఇవెక్కడికి పోయాయి? సాయంత్రం నిలదీశాను.

"నా ఫ్రెండ్‌కి ఇచ్చాను" అంది. తన క్లాసు పిల్లే, చర్చి పక్కన ఇల్లు. "ఎవరికీ చెప్పొద్దంది. నువ్వూ చెప్పకు."

నేను నమ్మలేదు. మర్నాడు ఆ ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తుంది, అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. "మా అమ్మాయి మీ పాపకి ప్యాడ్లు ఇచ్చిందంటండీ, నిజమేనా?" అన్నాను.

"మా పాపకెందుకండీ? అదింకా కాలేదు" అంది ఆవిడ. అని, వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. దాని మొహం చూశాక మా ఇద్దరికీ అర్థమైంది.

ఆ సాయంత్రమే ఆ పిల్లని కూర్చోబెట్టారు. నెల నుంచి దాచుకుందట. బడి ఖోఖో జట్టులో ఉంది, ఆ వారం అద్దంకిలో పోటీలు. ఇంట్లో తెలిస్తే పంపరని భయపడింది. పంపలేదు.

మా అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. "దానికి నేను ఒట్టేశాను. నువ్వెళ్ళి చెప్పావు" అంది. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నా కూతురు అబద్ధం ఆడలేదని తేలింది. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ఆదివారం తల దువ్వుతూ అడిగేశాను. "బడిలో గాని, ట్యూషన్‌లో గాని నీతో ఎవరైనా తప్పుగా... ఏదన్నా ఉంటే అమ్మకి చెప్పాలి కదా."

దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత జడ నా చేతిలోంచి లాక్కుని ఇటు తిరిగింది.

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేనూ ఏమీ చెయ్యలేదు. నాయనమ్మ నన్ను అట్లా చూస్తుంటే నాకు తెలుస్తూనే ఉంది. నువ్వు కూడానా?"

ఆ మర్నాడు చిలకలూరిపేటలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. బస్సులో నా పక్కన కూర్చోకుండా ముందు సీట్లోకి పోయింది. డాక్టర్‌కి నేను చెప్పబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "పాపని చెప్పనివ్వండి" అంది. మా అమ్మాయి అంతా తేదీలతో సహా చెప్పింది. ఆవిడ దాని కనురెప్పలు లాగి చూసింది, బరువు చూసింది.

"మొదటి ఒకటి రెండేళ్ళు ఇలాగే ఉంటుందమ్మా. ఒక నెల వచ్చి రెండు నెలలు రాకపోవచ్చు. ఒకసారి రెండు రోజులే ఉంటుంది, ఇంకోసారి వారం. మొదట్లో గోధుమరంగులో కనబడటం కూడా మామూలే. మూడు నెలలు దాటిపోయినా, వారం దాటి ఆగకపోయినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా అప్పుడు తీసుకురండి." తర్వాత నా వైపు చూసి, "దేనికి భయపడ్డారు?" అంది.

నేను నోరు విప్పేలోపే, "మా అమ్మకి నా మీద అనుమానమండీ" అంది నా కూతురు.

డాక్టర్ పెన్ను కింద పెట్టి నన్ను చూసింది.

ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "నీకూ అంతే. మొదటిసారి అయ్యాక అయిదు నెలలు రాలా" అంది.

"నాకు ఎప్పుడూ చెప్పలేదే?"

"మీ నాయనమ్మ నిన్ను మంత్రసాని దగ్గరికి తీసుకెళ్ళింది. గుర్తులేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. పెంకుటింట్లో చాప మీద పడుకోబెట్టి, ఒక ముసలావిడ బొటనవేళ్ళతో నా పొట్ట నొక్కింది. ఆముదం వాసన. కడుపులో నులిపురుగులున్నాయేమో చూస్తోంది అని నాయనమ్మ చెప్పింది. ఇన్నేళ్ళూ నేను అదే నమ్మాను.

"నువ్వెందుకు ఆపలేదమ్మా?"

"నాకూ అనుమానంగానే ఉండె" అంది మా అమ్మ.

డాక్టర్ మాట అత్తయ్యకి చెబితే, "వాళ్ళట్లాగే అంటారు" అని కొట్టిపారేసింది. ఏప్రిల్ మొదట్లో మా అమ్మాయికి మళ్ళీ వచ్చింది. నాకు చెప్పలేదు. చెత్తబుట్టలో కాగితం చుట్ట చూసి తెలుసుకున్నాను. సంతోషపడాలో, నాకు చెప్పనందుకు బాధపడాలో తెలియలేదు. ఆ స్నేహితురాలి ఇంటికి మళ్ళీ వెళ్ళి, ఆ పిల్లని పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. అది తలూపింది. జూన్‌లో బడి తెరిచాక ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారు గాని, ఆ పిల్ల మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదిలో ఉంది. ఒకసారి ముప్పై రోజులకి, ఒకసారి నలభైకి వస్తుంది. చెబితే వింటాను, చెప్పకపోతే అడగను. అత్తయ్య మాత్రం ఇంకా నన్ను అడుగుతుంది, "ఈ నెల అయిందా పిల్లకి?" అని.

"అయిందండీ" అంటాను, అయినా కాకపోయినా.

ఆవిడ కాసేపు నా మొహం వంక చూస్తుంది. నేను మిషన్ తొక్కుతూనే ఉంటాను.