గ్యాస్ బిళ్ళలని చెప్పాను

ఆ రోజు పప్పుకి పోపు వేస్తుంటే వాసనకే కడుపులో తిప్పింది. బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. టీబీ మందులు మొదలుపెట్టి అప్పటికి రెండో నెల. "వామిటింగ్ సెన్సేషన్ ఉంటుందమ్మా, భయపడొద్దు" అని డాక్టర్ ముందే చెప్పాడు కాబట్టి పట్టించుకోలేదు. నేను రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల షీటులో తెల్లవి అయిపోయాయి, నెలసరి రావాల్సిన రోజుల్లో వేసుకునే ఎర్రవి కూడా అయిపోయాయి. నెలసరి రాలేదు. నీరసం వల్లేమో అనుకున్నాను. ఇలా ఏదో ఒకటి అనుకుని సరిపెట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మాది అత్వెల్లి. ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన మేడ్చల్‌లో ఒక గోడౌన్‌లో పనిచేస్తాడు. మా ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉందని కొన్నేళ్ళ కింద తెలిసింది. అప్పటికే పుట్టిన మా పాపకి లేదు. ఒక్క బిడ్డ చాలని ఆనాడే గట్టిగా అనుకున్నాం.

మందులు దగ్గర్లో తీసుకోవచ్చని చెప్పినా నేనే వద్దన్నాను. మేడ్చల్‌లో ఏ లైన్లో నిలబడినా నాలుగో మనిషి మా చుట్టమే అవుతాడు. అందుకే సిటీలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళేదాన్ని. లైనింగ్ బట్ట కోసమని ఇంట్లో మా అత్తకి చెప్పేదాన్ని, అబద్ధం కాకూడదని నిజంగానే రెండు మీటర్లు కొనుక్కొచ్చేదాన్ని. మెడ మీద గడ్డలు, సాయంత్రం జ్వరం వచ్చి టీబీ అని తేలినప్పుడు, "రెండు మందులూ మేమే ఇస్తాం, మీరు వేరే చోటికి తిరగక్కర్లేదు" అన్నారు. ఊళ్ళో ఎవరికీ తెలియదు కదా అని ఎంత సంతోషించానో.

గర్భనిరోధక మాత్రలు మాత్రం ఊళ్ళో ఆశా కార్యకర్త ఇచ్చేది. ఆమె మా ఆయన పెద్దనాన్న కూతురు, నాకు వదిన అవుతుంది. మనసు మంచిదే, నోరే ఆగదు. ఒకసారి షీటు చేతిలో పెడుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందే, గిట్ల ఎండిపోయినవ్? ఏమన్న మందులు మింగుతున్నవా?"

"గ్యాస్ బిళ్ళలు వదినా."

"గంతేనా! ఇవి మాత్రం రోజూ ఒక్క టైముకు ఏస్కో, మరువకు."

నేను మరువలేదు. ఒక్క రోజు కూడా మరువలేదు. ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్ ప్రతిసారీ "కండోమ్ వాడుతున్నారా?" అని అడిగేది, నేను "ఆ" అనేదాన్ని. ఆమె టిక్కు పెట్టుకునేది. మా ఆయన వాడడని ఆమెకి చెప్పలేదు. ఇంకేమైనా వాడుతున్నావా అని ఆమె అడగలేదు.

ఇంకో రెండు నెలలు దాటాక అనుమానం వచ్చి ప్రెగ్నెన్సీ స్ట్రిప్ తెచ్చుకుని చూశాను. రెండు గీతలు. స్కానింగ్‌కి తెలిసినవాళ్ళు కనపడరని షామీర్‌పేట్ వెళ్ళాం. "ఫోర్టీన్ వీక్స్, హార్ట్‌బీట్ బాగుంది" అందా డాక్టరమ్మ సంబరంగా. మా ఆయన బిల్లు కట్టడానికి బయటికి వెళ్ళిపోయాడు.

ఏఆర్‌టీ డాక్టర్ ముందు మాత్రల షీటు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"ఇవి వాడుతున్నట్టు మాకు చెప్పలేదేమ్మా? టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. దాంతో ఈ పిల్స్ సరిగ్గా పనిచేయవు."

మీరు అడగలేదు కదా సార్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెప్పకుండా దాచింది నేనే కదా. అబార్షన్ అడిగితే గైనిక్ వాళ్ళు హిమోగ్లోబిన్ చూసి, "ఏడు ఉంది. ఈ స్టేజీలో బ్లీడింగ్ అయితే కష్టం. తీయించుకోవాలంటే ముందు రక్తం ఎక్కించాలి, ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకోవడానికి నా దగ్గర ఏం మిగిలింది? మా ఆయన "నువ్వెట్లంటే అట్ల" అన్నాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. భయంతోనే బిడ్డను ఉంచుకున్నాను, ప్రేమతో కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆ మందు పేరు ఫోన్‌లో కొట్టాను. తెలుగులో వెతికితే హెచ్‌ఐవీని నలభై రోజుల్లో మాయం చేస్తామనే ఆకు మందులవాళ్ళు వచ్చారు. ఇంగ్లీషులో వెతికితే ఒక పేజీ దొరికింది. హెచ్‌ఐవీ సేవలు, కుటుంబ నియంత్రణ సేవలు ఒకే చోట ఎలా ఇవ్వాలో నర్సులకీ డాక్టర్లకీ నేర్పే పేజీ అది. ఫోనే తెలుగులోకి మార్చి పెట్టింది. వంకర తెలుగే, అయినా అర్థమైంది. ఏ మందుతో ఏ గర్భనిరోధకం పడదో పట్టిక వేశారు. నా మందు ఉంది, నా మాత్ర ఉంది, రెండూ కలిసే గడిలో ఎర్ర గుర్తు ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఏం వాడుతున్నావని అడగాలని కూడా రాసి ఉంది. ఇదంతా ఎవరో ఎప్పుడో రాసి పెట్టారు. అది ఫోన్‌లో ఉంది, ఫోన్ నా చేతిలోనే ఉంది. నా స్టాపు దాటిపోయిందని కండక్టర్ అరిస్తే గానీ తెలియలేదు.

నాకు కడుపని ఊళ్ళో తెలిశాక వదిన వాకిట్లోకి వచ్చి నిలబడింది. "మరిచిపోయినవ్ పో! ఇగ నా బిళ్ళలకు పేరు వెడ్తవా?" అంది అందరూ వినేలా. మా అత్త "గింత సోయి లేకపోతె ఎట్లనే?" అంది. ఒక్క రోజు కూడా మరిచిపోలేదని చెప్పాలంటే ఎందుకు పనిచేయలేదో చెప్పాలి. అది చెబితే ఇంకేం చెప్పాలో మీకు తెలుసు. తల వంచుకుని "మరిచిపోయిన వదినా" అన్నాను. చేయని తప్పు ఒప్పుకోవడం అంత కష్టంగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

వైరల్ లోడ్ అదుపులో ఉంది కాబట్టి బిడ్డకి రిస్క్ తక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. తక్కువ అంటే లేదని కాదు కదా. బాబు పుట్టాడు. వాడికి సోకకుండా ఆరు వారాలు నెవిరాపిన్ సిరప్ పోశాను. ఎర్రటి ఆ చిన్న మడమ మీద సూది గుచ్చి, పరీక్ష కోసం రక్తపు బొట్లు కార్డు మీద అద్దుతుంటే వాడి ఏడుపుకి నేను చెవులు మూసుకున్నాను. కాపర్ టీ వేయించుకుందామని గైనిక్ వాళ్ళ దగ్గరికి వెళితే "మీ ఏఆర్‌టీ వాళ్ళని అడగండి" అన్నారు, అక్కడికి వెళితే "అది గైనిక్ వాళ్ళు వేస్తారు" అన్నారు. రెండు సార్లు తిరిగాను. మూడోసారి ఒక నర్సు నా ఏఆర్‌టీ ఫైలూ గైనిక్ ఫైలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, "కూచోండి, ఇయ్యాలే ఏస్తం" అంది. ఇన్నేళ్ళలో ఆ రెండు ఫైళ్ళూ కలిపి చదివింది ఆమె ఒక్కతే. అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు టీబీ తగ్గింది, మళ్ళీ మిషన్ తొక్కుతున్నాను. బాబుకి పదిహేడు నెలలు. గోడ పట్టుకుని కాదు, గోడ వదిలేసి పరుగెడుతున్నాడు. ఇప్పటివరకు చేసిన పరీక్షలన్నీ నెగెటివ్. పద్దెనిమిదో నెలలో చివరిది చేస్తారు. వదినకి ఇప్పటికీ చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు. కాబట్టి ఊరికంతా చెప్పుకోమని మీకు చెప్పను. ఒక్కటే చెబుతాను. మీరు వేసుకునే ప్రతి మాత్ర, ప్రతి ఇంజెక్షన్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొత్త మందు ఎవరు రాసినా, వాళ్ళు అడగకపోయినా ఆ ఫోటోలు చూపించి, "వీటితో ఇది పడుతుందా?" అని అడగండి. నోరు రాకపోతే ఫోన్ చేతికిచ్చి ఊరుకోండి.

చివరి రిపోర్ట్ వచ్చాక రాద్దామని మొదట అనుకున్నాను. మంచిగా వస్తే ఆ సంతోషంలో ఈ మాట తేలికైపోతుంది. వేరేగా వస్తే ఇక నేను పెన్ను పట్టలేను. అందుకే రాకముందే రాసి పంపిస్తున్నాను.