శేషమ్మ నలభై రోజుల పథ్యం

మా ముత్తాత మూడు ఊళ్లకు మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. మా తాత జిల్లా బోర్డు మెంబరు. నేను వాకాడు మండలంలో హెల్త్ సూపర్‌వైజర్‌ని, అంటే ఆరుగురు ఏఎన్ఎంల పని తనిఖీ చేసి సంతకం పెట్టే మనిషిని. రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ము పరీక్ష చేయించే పని నాకు అప్పగించారు.

మొదటి సమావేశం సముద్రం ఒడ్డు పల్లెలో. పరీక్ష అనగానే లేచిపోతారని ముందు తిండి సంగతి ఎత్తుకున్నాను. ఒళ్లు పెరగనివ్వకండి, వేపుళ్లు తగ్గించండి, కూరగాయలు తినండి, సారా ముట్టకండి, రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుంది అని గంటసేపు చెప్పాను. పరీక్ష గురించి చివర్లో రెండు ముక్కలు. అప్పటికి సగం మంది చేపల బేరానికి వెళ్లిపోయారు.

మూడు వారాలకు పోలయ్య అనే పడవ మనిషి ఆసుపత్రికి వచ్చాడు.

"మా ఆడమనిషికి ఏం చెప్పినారమ్మా? ఇంట్లో పులుసు బందు. పొద్దున సొరకాయ, రాత్రికి సొరకాయ. వలలో చేపలు నన్ను చూసి నవ్వతా ఉండాయి."

చేపలు మానమని నేను అనలేదన్నాను.

"నలభై దినాలు పత్తెమంట. గడ్డ కరిగిపోద్దంట."

"ఏ గడ్డ?"

రొమ్ములో, చంక వైపు, రేగుపండంత. అతనికి సొరకాయే పెద్ద కష్టంగా ఉంది.

మా వైపు కామెర్లకు పథ్యం, బాలింతకు పథ్యం. నా తిండి మాటల్ని అతని భార్య శేషమ్మ మందుగా పట్టుకుంది. వెంటనే అతనితో బయల్దేరాను.

ఆమె చేటలో ఎండుచేపలు ఏరుతోంది. "ఇంకా పద్దెనిమిది దినాలే మేడం. మధ్యలో ఆపితే చెడిపోదా?"

"తిండితో రాబోయే ముప్పు తగ్గొచ్చు. వచ్చిన గడ్డ సొరకాయకు జడవదు."

"ఆ ముక్క ఆ పొద్దే చెప్పుండొచ్చు గదా? గంటసేపు మాట్లాడితిరే!"

మా వంశంలో ఎవరూ తప్పు ఒప్పుకున్నట్టు నేను వినలేదు. నేను ఒప్పుకున్నాను. గడ్డ పరీక్షకు నెల్లూరు పెద్దాసుపత్రికి నాతో రమ్మన్నాను.

"సరే, పులుసు తినే వస్తా. సొరకాయ కడుపుతో నెల్లూరు రాను" అంది. వండేదాకా కూర్చున్నాను. నాకూ వడ్డించింది. పరాయి ఇంట తినే అలవాటు మాకు లేదు. తిన్నాను.

సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. చిన్నగా ఉండగానే తీసేశారు. ఇప్పుడు ఆమె మళ్లీ బేరానికి వెళ్తోంది.

ఆ తర్వాత ప్రతి పల్లెలోనూ పరీక్ష మాట ముందు చెప్పాను, తిండి మాట తరువాత. ఎంత చెప్పామన్నది కాదు, ఏది ముందు చెప్పామన్నదే లెక్క.

చికిత్స జరిగినన్నాళ్లు నెల్లూరులో ఉండడానికి వాళ్లు రెండు మేకలు అమ్మారు. గడ్డ చిన్నప్పుడే దొరికింది కాబట్టి పడవ అమ్మాల్సి రాలేదు.