రేపల్లె స్టేషన్ ఎదుట గాజు గ్లాసు

ఈ రోజు పొద్దున ఒక టీ గ్లాసు కోసం రక్తం కారడం చూశాను.

రేపల్లె స్టేషన్ ఎదురుగా టీ కొట్టు నడిపే సుబ్బమ్మ పిన్ని ఈ రోజే పేపర్ కప్పులు మానేసి గాజు గ్లాసులు పెట్టింది. కాలవ నిండా కప్పులేనంటూ నెల రోజులు ఆవిడ వెంటపడింది నేనే.

బియ్యం మిల్లులో బస్తాలు మోసే ఏసుపాదం టీ తాగి లేచాడు. పిన్ని అతని గ్లాసును వేణ్ణీళ్లతో కడిగి, అందులోనే పక్క బల్ల మీదున్న పెద్దాయనకు టీ పోసింది. ఆయన టీతో సహా ఆ గ్లాసును ఏసుపాదం మొహాన విసిరికొట్టాడు. నుదురు చిట్లింది.

"వాడి కులమేంటో తెలిసి కూడా వాడి గ్లాసు నాకిస్తావా?" అని పిన్ని మీద అరిచాడు.

ఏసుపాదం ఆయన గొంతు పట్టుకుని గోడకేసి అదిమాడు. "నిన్నటిదాకా నా పక్కనే కూర్చుని తాగావు కదా బాబాయ్!"

"నిన్న తాగింది పారేసే కప్పుల్లోరా!"

నలుగురం కలిసి విడదీసేసరికి బల్ల విరిగింది, నా చొక్కా చిరిగింది. పిన్ని మరో గ్లాసులో ఏసుపాదానికి టీ ఇచ్చింది. అతను నెత్తురు తుడుచుకుంటూ తాగాడు. ఆవిడ ఆ గ్లాసునే కడిగి నాకు టీ పోసి, నా మొహం వంకే చూస్తూ నిలబడింది. తాగాను.

పేపర్ కప్పులు కాలవను పాడుచేస్తున్నాయనే అనుకున్నాను. ఇన్నాళ్లూ మా ఊరి పరువు కాపాడుతున్నది అవేనని తెలియదు. రేపు ఆరింటికి అక్కడే ఉంటాను. ఆ గ్లాసులో ముందు ఎవరు తాగారని అడగనివాళ్లు రండి, టీ నేనిప్పిస్తాను. ఎంతమంది వస్తారో చూద్దాం.