ఒక దండ ఎక్కువ

మద్రాసు విమానంలో మన సినిమావాళ్ళు ముగ్గురు దిగుతున్నారంటే ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరామయ్యగారు నాలుగు దండలు పట్టుకుని బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళేవారు. నలుగురు దిగుతుంటే ఐదు. ఒక్కరే అయితే రెండు. ఒకసారి షూటింగు రద్దయింది, ఎవరూ రావడం లేదని ముందే తెలిసినా ఒక దండ పట్టుకుని వెళ్ళొచ్చారు. లెక్కలు రాని ప్రొడక్షన్ మేనేజరంటే నిర్మాతలు హడలిపోవాలి గాని, మిగిలిన లెక్కలన్నీ ఆయనకు నయాపైసాతో సహా వచ్చు. దండల దగ్గరే ఏదో తేడా కొట్టేది.

ఎనభైల నాటి సంగతి ఇది. జూబ్లీహిల్స్‌లో అప్పుడు ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. తారల కాపురం మద్రాసులో, షూటింగు ఇక్కడ. వాళ్ళకు దండలు వేసి కారెక్కించడం ప్రొడక్షన్ మేనేజరు పని. దండ పడితేగాని కొందరికి కాలు కదిలేది కాదు. నేను కామెడీ సీన్లు రాసేవాణ్ణి. రాసేవాడికి దండ వేసే ఆచారం మన పరిశ్రమలో లేదు. ఆయన కారులో ఖాళీ ఉంటే సరదాగా తోడు వెళ్ళేవాణ్ణి, అంతే.

దండలు కట్టేది షేక్‌పేట కొమురమ్మ. ఆమెకూ ఈ లెక్క అంతుపట్టేది కాదు.

"నలుగురు వస్తున్రంటివి. ఐదు కట్టమంటివి. గా ఐదోది ఎవలికి సారూ?"

"ఎవరో ఒకరు ఉంటారమ్మా. కట్టు."

"ఎవలో ఎరుక లేకుంటనే దండేస్తవా? మంచిగుంది."

ఎరుక లేకుండానే వేసేవారు. ఓసారి మోటారు పంపులు అమ్ముకోవడానికి విజయవాడ విమానంలో దిగిన గుంటూరు ఆసామి మెడలో వేశారు. ఆయన, హైదరాబాదులో మన పంపులకు ఇంత పేరుందా అనుకుని మర్నాడే ఇక్కడ కొట్టు తెరిచాడు. ఇంకోసారి ఢిల్లీ నుంచి దిగి, ఒంటరిగా నిలబడి గడియారం చూసుకుంటున్న సఫారీ సూటాయనకు వేశారు. ఆయన పన్నుల ఆఫీసరు. మా నిర్మాత ఇంటి మీద దాడికి చడీచప్పుడు లేకుండా వచ్చాడు. మెడలో దండ పడేసరికి, తను వస్తున్నట్టు ఊరందరికీ తెలిసిపోయిందనుకుని సాయంత్రం విమానానికే తిరిగి వెళ్ళిపోయాడు. నిర్మాత సుబ్బరామయ్యగారికి పట్టు పంచె పెట్టాడు.

"ఎలా కనిపెట్టావయ్యా?" అని అడిగాడు నిర్మాత.

"ఎవరో ఒకరు ఉంటారండీ," అన్నారీయన.

తొంభైల్లోకి వచ్చేసరికి ఊరికి కొత్త టెర్మినల్ కావాలన్న గొడవ మొదలైంది. కావాలనడంలో ఎవరికీ పేచీ లేదు. డబ్బు ఎవరివ్వాలన్న దగ్గరే చిక్కు. ఫిల్మ్‌నగర్‌లో మేమూ సభ పెట్టుకున్నాం. అధ్యక్షుడు సూర్యప్రకాశరావుగారు పేరున్న నిర్మాత. సుబ్బరామయ్యగారు ఆయనకో దండ వేశారు. ఇంకోటి ఎప్పట్లాగే మోచేతికి వేలాడుతోంది.

"ప్రభుత్వం కట్టాలి," అన్నారొకరు.

"విమానం ఎక్కేవాడే కట్టుకోవాలి," అన్నారు ఇంకొకరు.

"నాకు టిక్కెట్టు కొనేది నిర్మాత. కాబట్టి నిర్మాతే కట్టాలి," అన్నాడో నటుడు. ఆ నిర్మాత కాఫీ తాగొస్తానని లేచి వెళ్ళిపోయాడు.

సూర్యప్రకాశరావుగారు గొంతు సవరించుకున్నారు. "మన పరిశ్రమ తరఫున పెద్ద చందా ఇద్దాం. బదులుగా మనకో వేరే గేటు అడుగుదాం. మనవాళ్ళు దిగగానే జనంలో పడకుండా నేరుగా కారెక్కుతారు. ఎదురుచూసేవాళ్ళ హాలు ఉంది చూశారూ, ఆ జాగా తీసుకుంటే సరిపోతుంది."

"మరి ఎదురుచూసేవాళ్ళు?"

"రోడ్డు మీద నిలబడతారు. ఎంతసేపు గనక?"

సెట్లు వేసే లక్ష్మయ్య లేచాడు. "మా తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడు సార్. వాడు వస్తుండంటే మా అమ్మ పొద్దుగాల్నే పోయి కూసుంటది. ఆమెను ఎండల నిలవెడ్తరా? గిదేం ఇన్సాఫ్?"

అయ్యో పాపం అన్నారు అందరూ. అంటూనే గేటుకు సరేనని చేతులెత్తడానికి సిద్ధమయ్యారు. అప్పుడు లేచారు సుబ్బరామయ్యగారు.

"నేను ఒప్పుకోనండీ."

మేం తెల్లబోయాం. ఎండలో ఐసు అడిగిన హీరోకీ, వానలో ఎండ అడిగిన దర్శకుడికీ ఒకేలా చిత్తం అన్న మనిషి ఆయన.

"నీ బాధ నాకు తెలుసయ్యా," అన్నారు సూర్యప్రకాశరావుగారు. "పదిమందీ చూస్తుండగా దండలు వెయ్యడం నీకు సరదా. అది పోతుందనేగా?"

"సరదానేనండీ," అని ఒప్పేసుకున్నారాయన. హాలంతా నవ్వులు. "కాని ఆ గేటులోంచి మనవాళ్ళే వస్తారు. వాళ్ళకు ఎలాగూ దండ ఉంటుంది. ఈ మిగిలింది ఎవరికి వెయ్యమంటారు?"

"అసలు ఆ మిగిలింది ఎందుకు తెస్తావయ్యా నువ్వు?"

"ఎవరో ఒకరు ఉంటారండీ," అని కూర్చున్నారు. అంతకుమించి చెప్పడం ఆయనకు చేతకాలేదు.

ముందు వరసలోంచి శ్యామలాదేవిగారు లేచారు. తెర మీద కోడళ్ళను రాచిరంపాన పెట్టే అత్త ఆవిడ. ఆవిడ లేస్తే నవ్వులు వాటంతటవే ఆగిపోతాయి.

"ఆ ఎవరో ఒకరు నేనే," అన్నారు. "మొదటి వేషానికి వచ్చిన రోజు, నన్ను పిలిచిన కంపెనీ కారు పంపడం మర్చిపోయింది. దిగినవాళ్ళందరికీ ఎవరో ఒకళ్ళు వచ్చారు. నేను ట్రంకుపెట్టె పక్కన నిలబడి, వెనక్కి వెళ్ళే విమానం ఎప్పుడుంటుందా అనుకుంటున్నాను. ఈయన వచ్చి దండ వేశారు. 'నాకు కాదేమోనండీ' అన్నాను. 'మీకేనండీ, రండి' అన్నారు. కారులో దింపి వెళ్ళారు. ఈయన మా కంపెనీ మనిషి కూడా కాదు."

అందరం సుబ్బరామయ్యగారి వైపు తిరిగాం. ఆయన దండలో పువ్వులు సర్దుకుంటున్నారు.

"ముందు అటూ ఇటూ వెతుక్కుంటారండీ," అన్నారు నెమ్మదిగా. "తర్వాత గడియారం చూసుకుంటారు. చేతికి గడియారం లేనివాళ్ళు కూడా చూసుకుంటారు. అప్పుడు వేసెయ్యాలి. ఆలస్యమైతే కళ్ళలో నీళ్ళొస్తాయండీ."

నాకు సఫారీ సూటాయన గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ ఆ కారులో నేను ఏం చూస్తూ తిరిగానో నాకే తెలియలేదు.

"చందా ఇద్దాం," అన్నారు శ్యామలాదేవిగారు. "గేటు వద్దు. ఆ హాలే పెద్దది చేసి బెంచీలు వెయ్యమందాం. కాదనేవాళ్ళు నాతో మాట్లాడండి."

ఆవిడతో మాట్లాడే కోడలే ఇంతవరకు పుట్టలేదు, మేమెంత? మొదటి చెయ్యి సూర్యప్రకాశరావుగారిదే లేచింది. కాఫీకి వెళ్ళిన నిర్మాత అప్పుడే తిరిగొచ్చి, అందరి చేతులూ పైన ఉండటం చూసి, గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. మిగిలిన దండ ఆయన మెడలో పడింది.

"ఎంత ఇస్తానన్నానని?" అని అడిగాడు పాపం, కంగారుగా.

కొన్నాళ్ళకు కొత్త హాలు వచ్చింది, బెంచీలతో సహా. ఆ ఏడాదే నేను మద్రాసులో పని చూసుకుని తిరిగొచ్చాను. బయటికి రాగానే లక్ష్మయ్య తల్లి బెంచీ మీద దర్జాగా కూర్చుని కనిపించింది. నా కోసం వస్తానన్న మా ఆవిడ మాత్రం కనపడలేదు. అటు చూశాను, ఇటు చూశాను. నిజం చెప్పొద్దూ, అవసరం లేకపోయినా గడియారం చూసుకున్నాను.

ఎదురుగా సుబ్బరామయ్యగారు దండతో వస్తున్నారు. ఇన్నేళ్ళకు నా వంతు వచ్చిందనుకుని మెడ వంచాను.

"మెడ ఎత్తండి," అన్నారాయన ఆగకుండానే. "మీ ఆవిడ అదిగో, ఆ స్తంభం పక్కన."

నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. నా వెనకాల నూలుచీర కట్టుకున్న ఒకామె సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఉత్త మణికట్టు వైపు చూసుకుంటోంది.

"నాకు కాదేమోనండీ," అనడం వినిపించింది.

"మీకేనండీ, రండి."

మా ఆవిడ దగ్గరికి వచ్చింది. "మెడ అలా వంచారేంటండీ?"

"చెప్పు తెగిందేమోనని చూసుకున్నాను," అన్నాను.